ఉమ్మివేసిన ముద్ద

మన తెలుగునాట ఇరువురు కలిసికొన్నప్పుడు ముందుగా పుట్టు ప్రశ్న "అన్నము తింటిరా?" యనునది. పప్పు కలదా, కూర యేమి, పెరుగు పోసికొంటిరా యని యెవరును అడుగరు. అన్నమన్న ఒక్క మాటలో సర్వాహారమును ఇమిడిపోయినది. పసిబిడ్డ నోట తొలి మెతుకు పెట్టు శుభకార్యమునకు అన్నప్రాశనమనియే పేరు. కృష్ణాతీరమున ఈ మాటకు మరింత బరువు కలదు. 1832-33 సంవత్సరములలో నందన కరవు గుంటూరు సీమను పాడుపెట్టెను. ఆ జ్ఞాపకము చెరగక మునుపే, 1855 నాటికి, బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట కట్టిరి. అది నూరేండ్లు పనిచేసిన పిదప 1957లో ప్రకాశము బ్యారేజి దాని పని నందుకొనెను. కాలువ పారినంతమేర వరి పండినది. వరి పండినచోట ఇక కొరత యేమి యని జనులు నిశ్చింతగా నుండిరి.

అట్లు నిశ్చింతగా నుండిన సీమలోనే బెరిబెరి యను వ్యాధి కాపురముండెను. 1918లో కూనూరునందు మెకారిసన్ అను వైద్యుడు ఈ వ్యాధిని పరిశోధించుటకై పని ఆరంభించెను. ఆ చిన్న ప్రయోగశాలయే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదునకు తరలి, నేటి జాతీయ పోషకాహార సంస్థ యైనది. మనదేశమున బెరిబెరికి ముఖ్యస్థానమేదని చూడగా అది యే మెట్టసీమయు కాదు. ఉత్తర సర్కారుల కోస్తా, అనగా మన వరిసీమయే. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యము తినువారు ధాన్యపు పైపొరలోని 'బి' విటమినును తవుటితోపాటు పోగొట్టుకొనుచుండిరి. ఉప్పుడుబియ్యము తిను ప్రాంతములవారికి ఆ బాధ అంతగా లేకుండెను. గాదె నిండియున్నను ఒంటికి కావలసినది లేకపోవచ్చునని ఈ తీరమునకు ఒకమారు తెలిసినది. ఆ తెలిసిన సంగతి పసివారి గిన్నెవరకు ఇంకను రాలేదని చెప్పుటకే మేమిది వ్రాయుచున్నాము.

ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలే చాలును. ఆపైన చాలవు. ఆరు మొదలు ఎనిమిది నెలల బిడ్డకు తల్లిపాలు గాక ఇతరాహారమునుండి దినమునకు సుమారు 200 కేలరీలు, తొమ్మిది మొదలు పదునొకండు నెలలవానికి 300, రెండవ యేట 550 కావలెనని వైద్యుల లెక్క. ఈ లెక్క చూచి ఇంతేనా యనవచ్చును. నిజమే, పరిమాణము స్వల్పము. పొట్టయు స్వల్పమే గదా! కాని ఆ చారెడు ముద్దలోనే ఇనుము, జింకు, 'ఏ' విటమిను, మాంసకృత్తులు అన్నియు ఇమిడియుండవలెను. పెద్దవాడు రెండవమారు వడ్డించుకొని లోపమును పూరించుకొనగలడు. పసివాని పొట్టను చారన్నముతో నింపిన తక్కినవానికి చోటే మిగులదు. అందుచేతనే ప్రపంచ ఆరోగ్యసంస్థవారు శిశువుల ఆహారమును ఎనిమిది తరగతులుగా విభజించిరి: తల్లిపాలు, ధాన్యములు, దుంపలు, పప్పులు, గింజలు, పాలు, పెరుగు, చేపలు, మాంసము, గ్రుడ్లు, 'ఏ' విటమిను నిచ్చు పండ్లు, ఆకుకూరలు, తక్కిన కూరలు, పండ్లు. ఆరు మొదలు ఇరువదిమూడు నెలల బిడ్డ ఒక దినములో వీనిలో అయిదింటినైనను తినవలెను. 2021కి పూర్వము ఏడింట నాలుగని యుండెడిది. ఇప్పుడు తల్లిపాలను గూడ చేర్చి ఎనిమిదింట అయిదని చేసిరి.

ఈ తరగతులను చదువుచున్నప్పుడు మాకు మన సీమయే కన్నులకు కట్టినది. మాగాణిలో వరి కోసిన వెనుక మినుము. కొల్లేటిలోను కైకలూరి చెరువులలోను చేపలు. నూజివీటి తోటలలో రసాలు. గ్రుడ్ల ఉత్పత్తిలోను చేపల ఉత్పత్తిలోను ఆంధ్రప్రదేశము భారతదేశమున అగ్రస్థానమున నున్నది. ఇక తోటకూర, బచ్చలి, మునగాకు మొలవని దిబ్బ యేది? ఎనిమిదింట ఒక్కదానికిని కొరత లేని నేల ఇది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలినదేమి? ఈ రాష్ట్రమున ఆరు నెలలు మొదలు అయిదేండ్లలోపు పిల్లలలో నూటికి అరువదిమూడుగురు రక్తహీనులు. అయిదేండ్లలోపువారిలో నూటికి ముప్పదియొక్కరు వయసునకు తగిన ఎత్తు లేనివారు. దేశమంతట ఆరు మొదలు ఇరువదిమూడు నెలల పిల్లలలో తగినన్ని పూటలు తగినన్ని రకములు తినువారు నూటికి పదునొకండుగురు మాత్రమే.

కావున ప్రశ్న నేల నడుగవలసినది కాదు. ఆ గిన్నెలో అన్నము, చారు తప్ప మరేమియు లేకపోయిన తప్పెవరిది? ఇదియే మేము విచారింపదలచిన ధర్మసందేహము.

దీనికి మనబోటి చదువుకొన్న ఇండ్లలో సిద్ధముగా నున్న సమాధానమొకటి కలదు: "పాపము, తల్లికి తెలియదు." తెలియనిదానికి మందు తెలియజెప్పుట. అందుచేత సభలు చేయుదుము, గోడపటములు కట్టుదుము, వారోత్సవములు జరుపుదుము. తెలియజెప్పవద్దని మేమనము. గ్రుడ్డు వేడి చేయుననియు, అరటిపండు జలుబు చేయుననియు, ఆకుకూర అజీర్తి చేయుననియు చెప్పి ఏడాదినిండిన బిడ్డకు సైతము వానిని ముట్టనీయని పెద్దలు నేటికిని కలరు; వారికి చెప్పవలసినదే. కాని అజ్ఞానమే మూలకారణమైనచో సంపన్నుల ఇండ్లలో ఈ లోపము కానరాకుండవలెను గదా! కానవచ్చుచునే యున్నది. మేడలలోని పిల్లలలో గూడ అధికభాగమునకు తగిన ఆహారము అందుటలేదని ఆ సర్వేయే చెప్పుచున్నది. డబ్బాపాలు, డబ్బాపిండి, తియ్యని పొడులు అక్కడి అజ్ఞానము. అయినను దేశమున అట్టడుగు అయిదవవంతు కుటుంబములలో నూటికి నలువదియారుగురు పిల్లలు ఎత్తు తగ్గియుండగా, పైయంతస్తు అయిదవవంతులో ఇరువదిముగ్గురే తగ్గియున్నారు. తెలియనితనము ఇరువురిదియు, శిక్ష మాత్రము ఒకరికి రెండింతలు. శుభ్రమైన నీరు, వేళకు వైద్యుడు, రెండవ గ్లాసు పాలు ఉన్న యింట ఒక తప్పు సర్దుకొనిపోవును. అవి లేని యింట ప్రతి తప్పును ఎముకలలో నిలిచిపోవును.

ఇంతవరకు చెప్పినది పలువురెరిగినదే. ఇక మేము చెప్పదలచినది మరియొకటి. అది చూపుటకు విజయవాడలోని ఆటోనగర్‌కు పోవుదము.

జవహర్ ఆటోనగరన్న పేరు లారీయజమానులందరు ఎరుగుదురు. బందరు రోడ్డు ప్రక్కన, పటమటకును కానూరునకును చేరువలో, లారీలకు బాడీ కట్టు షెడ్లు, లేతు మిషనులు, వెల్డింగు, పట్టీలపని, రంగులపని. ఉదయము మొదలు రాత్రివరకు ఇనుముమీద ఇనుము మ్రోగుచునే యుండును. అక్కడి పనివారిలో ఒక వెల్డరు కుటుంబమును ఊహించుకొందము. శనివారము బట్వాడా. ఒక్క గది యిల్లు. ఇల్లాలు తెల్లవారి ఆరింటికి బయలుదేరి పటమటలో మూడిండ్ల పాచిపని చేసి పదునొకండింటికి తిరిగివచ్చును. సాయంకాలము మరల పోవును. పదినెలల మగబిడ్డను అంతసేపు పొరుగామె చూచును, లేదా ఎనిమిదేండ్ల అక్క బడి మాని చూచును. ఈ తల్లితో అంగన్‌వాడీలో టీచరు, ఆకుకూర మెత్తగా మెదిపి పెట్టమ్మా యని చెప్పినది. ఆమె పెట్టినది. వారము తరువాత ఏమైనదని అడిగిన, ఇట్టి తల్లి చెప్పు మాట ఇట్లుండును:

"పెట్టానండి టీచరుగారూ. రెండు రోజులూ ఉమ్మేశాడు. ఏడుస్తుంటే వదిలేసి పనికెట్టా పోనండి? మూడోరోజు చారన్నమే పెట్టాను, గబగబా తినేశాడు."

ఈ మాటలో అజ్ఞానమెక్కడ? క్రొత్త రుచిని పసిబిడ్డ మొదటిసారి ఉమ్మివేయుట స్వభావము. శిశువుల రుచులను పరిశీలించినవారు చెప్పునదేమనగా, ఒక క్రొత్త పదార్థమును ఎనిమిది పదిమారులు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, నోటికందించినగాని బిడ్డ దానిని తనదిగా చేసికొనడు. ఒకటి రెండుమారులతో మానివేసిన వాడు ఆ రుచిని ఎరుగకయే పెరుగును. పైగా దీనికి వేళ కలదు. ఏడాదిన్నర రెండేండ్లు దాటుసరికి పిల్లలకు క్రొత్త తిండియన్న బెదురు పెరుగును. ఆ లోపల నాలుక నేర్చుకొన్నది నేర్చుకొన్నట్లు. ఆరు క్రొత్త పదార్థములకు ఎనిమిదేసి మారులన్న నలువదియెనిమిది ముద్దలు. ఆ నలువదియెనిమిదింటిలో ఎక్కువభాగము ఉమ్మివేయబడును, క్రింద పడును, ఒంటికి పూయబడును. అవి ఆహారవ్యయములో ఏ పట్టికలోను కానరావు. గ్రుడ్డు ధర యెంత, పాలధర యెంతయని లెక్కించు మన అర్థశాస్త్రజ్ఞులు బిడ్డ తిన్నదానికే వెల కట్టుదురు, తిననిదానికి కట్టరు. బీదయింట అసలు ఖర్చు తిననిదే. ఉమ్మివేసిన గ్రుడ్డుముక్కను అక్క తినివేయవచ్చును, అది వృథా పోదు; కాని ఆ పూట బిడ్డ ఆకలి తీరలేదు, మరల వేరుగా ఉడికించుటకు గ్యాసు కావలెను, ఓర్పుతో మరల కూర్చుండుటకు అరగంట కావలెను. ఆ అరగంటకు ఆమెయొద్ద దిక్కు లేదు.

ఎందుచేత లేదు? చదువరులారా, ఇక్కడ మనము ఒక్క నిముసము ఆగవలసియున్నది. ఆమె తోము గిన్నెలు ఎవరివి? మనవి. మన పసివాని గోరుముద్దల గిన్నెయు అందులో నున్నది. మన వరండాలో కాకిని చూపి, పిల్లిని చూపి, ముద్దకొక కథ చెప్పి, ఉమ్మివేసినను విసుగక, మరునాడు మరల అదే కూరను నెయ్యి చేర్చి తినిపించుచున్నాము. అది మన ప్రేమ, మన వివేకమని మురియుచున్నాము. ప్రేమయే, కాదనము. కాని ఆ ప్రేమకు కావలసిన అరగంట మన వంటింట గిన్నెల సింకు ముందర నిలిచిన స్త్రీ చేతులనుండి వచ్చినది. ఆమె బిడ్డకు చెందవలసిన ఓర్పును మనము నెలజీతమునకు కొని మన బిడ్డకు తినిపించుచున్నాము. ఇట్లనుట కొంత కఠినముగా తోచవచ్చును. పనిమనిషిని మానిపించినంత మాత్రమున ఆమె బిడ్డకు మేలు కలుగదు, ఉన్న జీతము పోవును. కావున మేము చెప్పునది అది కాదు. ఆమెకు తెలియదని తీర్పు చెప్పు హక్కు మనకున్నదా యని మాత్రమే అడుగుచున్నాము.

మనము మిక్కిలి తేలికగా నవ్వునది బిస్కట్టును చూచి. బీదతల్లి అయిదురూపాయల బిస్కట్టుపొట్లము కొని బిడ్డ చేతికిచ్చునని, అదే డబ్బుకు ఇంచుమించు ఒక గ్రుడ్డు వచ్చునుగదా యని పెద్దలు ఉపన్యసించుదురు. వారు ఒక్క సంగతి మరచుచున్నారు. బిస్కట్టును బిడ్డ ఉమ్మివేయడు. దానిని ఉడికింప నక్కరలేదు. వేసవిలో చెడిపోదు. అక్క చేతికిచ్చి పోయినను బిడ్డకు చేరును. పిండి, పంచదార, నూనె గలసిన ఆ బిళ్ళను పసినాలుక మొదటి మారే అంగీకరించునట్లు దాని తయారీదారులు చక్కగా సిద్ధపరచిరి. అయిదురూపాయలలో నష్టభయము లేని వస్తువును ఆమె ఎన్నుకొన్నది. ఇది బుద్ధిహీనత కాదు. చేతిలో కొంచెమే ఉన్నవారు ఎల్లప్పుడును చేయు లెక్క. ఆ లెక్క తప్పనదలచినవారు ముందుగా ఆ నష్టభయమును ఆమె మీదినుండి తొలగింపవలెను. తొలగింపక, బిస్కట్టు చెడ్డదని గోడమీద వ్రాసిన లాభమేమి?

ఆటోనగరులోనే దీనికి పోలిక కలదు. లేతు షాపునకు క్రొత్తగా వచ్చిన కుఱ్ఱవాడు మొదటిరోజునే సరియైన కొలతకు ఇనుము చెక్కునా? చెక్కడు. రాడ్లు పాడుచేయును, టూల్‌బిట్టు విరుచును. మేస్త్రి తిట్టును, ఒక్కొక్కప్పుడు మొట్టును; అయినను పాడైన ఇనుమును ఆ కుఱ్ఱవాని తల్లి కొని తెచ్చిపెట్టవలెనని యెవ్వరును అనరు. నేర్చుకొనుటలో సరకు కొంత చెడునని, అది షాపు ఖర్చని అందరికిని తెలియును. చేయి నేర్చుకొనుటకు ఇంత న్యాయమున్నప్పుడు, నాలుక నేర్చుకొనుటకు ఏల లేదు? చేతిపని నేర్చిన కుఱ్ఱవాని లాభము షాపునకు పోవును, కావున షాపు భరించును. బిడ్డ పెరిగి పనివాడైన నాడు లాభము ఎవరికి పోవుచున్నది? తల్లికి మాత్రమేనా?

"ఇదంతయు నేటివారి గొడవ. మా నాయనమ్మలు ఏ పట్టికలు చదివిరి? పప్పన్నమును నెయ్యియు పెట్టియే పదిమందిని పెంచలేదా?" యని అడుగువారుందురు. ఈ ప్రశ్నను మేము తోసివేయము. ఆ నాయనమ్మకు పెరడుండెను; పెరటిలో మునగచెట్టు, బచ్చలిపందిరి ఉండెను; కొట్టములో పాడి యుండెను. ఉమ్మివేసిన ముద్ద దూడకుడితిలో పడెడిది. అన్నిటికి మించి ఆమెయే యుండెను, ఉగ్గుగిన్నె చేతపట్టి పూటంతయు కూర్చుండగల ముసలమ్మ. ఆమెకు పట్టిక అక్కరలేదు, ఎందుకనగా ఖర్చులేని ముద్దలు ఆమెయొద్ద కావలసినన్ని యుండెను. కాని అందరి నాయనమ్మలకు పెరడు లేదు. ఆ కాలముననే మాలపల్లెలోను కూలివాడలలోను గంజి త్రాగి పెరిగిన, పెరుగక పోయిన బిడ్డలు మన ఇంటి జ్ఞాపకములలో లేరు. ఇంటింట పుట్టినవారి లెక్కయు బ్రదికినవారి లెక్కయు వేరుగా చెప్పుకొనుట ఆ తరమువారికి అలవాటే.

పూర్వాచారమును గూర్చి మాట వచ్చినది గనుక ఇంకొకటి. అన్నదానమున మనవారు ఎవరికిని తీసిపోరు. గోదావరి లంకలలో డొక్కా సీతమ్మగారు వేళకాని వేళ వచ్చిన బాటసారికి సైతము ఆకువేసి వడ్డించి చిరకీర్తి గడించిరి. ఆ సంప్రదాయమును మేము తక్కువచేయము. కాని పంక్తిలో కూర్చుండి ఆకు ముందర వేసికొనగలవానికే అన్నదానము అందును. పదినెలల బిడ్డ పంక్తిలో కూర్చుండడు. వానికి ఆకలి తీర్చుటతో సరిపోదు, రుచులు నేర్పవలెను. ఒక పూట పెట్టి పుణ్యము కట్టుకొనుటకు వీలులేదు, అదే కూరను పదిపూటలు పెట్టవలెను. మన దానధర్మములలో ఇంత ఓపికగల దానమునకు పేరింకను పెట్టలేదు.

ఇంటిలోని పురుషుల మాట చెప్పకపోయిన పక్షపాతమగును. చేపపులుసు వండిన దినమున నడిముక్క సంపాదించువానికి, తలయు తోకయు తక్కినవారికి, పసివానికి పులుసు. ఇది బీదయింటనే కాదు, మన యింటనుగూడ చూచితిమి. బరువు పని చేయువాడు తినవలదా యందురు. తినవలెను. కాని పదినెలలవానికి కావలసిన చేప బొటనవ్రేలంత. అది తీసి ముందుగా ప్రక్కన పెట్టినచో వెల్డరు చేతిలో బలము తగ్గదు. 1930వ దశాబ్దిలో గోల్డుకోస్టులో పనిచేసిన సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు ఒక శిశువ్యాధిని లోకమునకు తెలిపినది. దానికి అక్కడి గా భాషలో క్వాషియోర్కర్ అని పేరు. తమ్ముడో చెల్లెలో పుట్టి తల్లిపాలనుండి తొలగింపబడిన బిడ్డకు వచ్చు జబ్బని దాని భావము. వ్యాధికి పేరుపెట్టిన ఆ తల్లులకు కారణము తెలియకపోలేదు గదా! పాలు మాన్పించిన నాటినుండి ఆ బిడ్డకు గంజి తప్ప మరేమియు లేదు. తరువాత మన హైదరాబాదు సంస్థలో గోపాలన్‌గారు మొదలైనవారు ఇట్టి శిశువులనే మన ప్రాంతములందు పరిశీలించిరి.

ఇక ప్రభుత్వము చేయునది. 1975 అక్టోబరు 2వ తేదీన సమగ్ర శిశు అభివృద్ధి పథకము 33 బ్లాకులలో ఆరంభమైనది. 2001లో సుప్రీముకోర్టు దానిని దేశమంతట వ్యాపింపజేయుమని ఆజ్ఞాపించెను. 2013 నాటి ఆహారభద్రతా చట్టము ఆరునెలలు మొదలు ఆరేండ్లవరకు పిల్లలకు అంగన్‌వాడీద్వారా ఆహారము పొందు హక్కు నిచ్చినది. మన రాష్ట్రమున గ్రుడ్డు, పాలు, బాలామృతము చేరినవి. 2015లో మధ్యప్రదేశమున అంగన్‌వాడీలలో గ్రుడ్డు పెట్టవలదని యేలినవారు త్రోసిపుచ్చిరి; తినని పెద్దల నియమమును తినగోరు పసివాని నోటికి తాళముగా వేయుట ఏ ధర్మమో మాకు బోధపడదు. ఆ తగవు మనకడ లేకుండుట మన అదృష్టము.

కాని ఈ చట్టములో ఒక చిత్రము కలదు. మూడు మొదలు ఆరేండ్ల పిల్లలకు అంగన్‌వాడీలోనే వేడిగా వండి పెట్టుదురు. ఆరునెలలు మొదలు మూడేండ్లవారికి మాత్రము సరకు ఇంటికిత్తురు. అనగా నాలుక నేర్చుకొను వయసు ఏదో ఆ వయసులోనే ఆ నేర్పు భారమును, దానిని మోయలేని ఇంటికి పంపుచున్నారు. నేర్పు కాలము దాటిన పిదప బిడ్డను పిలిచి నలుగురితో కూర్చుండబెట్టుచున్నారు. ఇంటికి పోయిన గ్రుడ్లు అయిదుగురిలో అయిదుభాగములగును. దీనిని కొందరు అధికారులు దుర్వినియోగమందురు. ఎనిమిదేండ్ల అక్క చూచుచుండగా తమ్మునికే గ్రుడ్డంతయు తినిపించు తల్లిని వారెక్కడ చూచిరో! పంచుకొనుట దొంగతనము కాదు. కొరత యున్న యింట అదియే న్యాయము.

మార్గము లేకపోలేదు. ఛత్తీసుగఢములో 'ఫుల్వారీ' యను పేర ఆరునెలలు మొదలు మూడేండ్ల పిల్లలకు పల్లెలలో శిశుగృహములు పెట్టిరి. తల్లులే వంతులువారీగా కూర్చుండి పిల్లలను చూచుచు అక్కడనే వండి తినిపించుదురు. కేంద్రప్రభుత్వమువారును 'పాల్నా' యను పేర అంగన్‌వాడీకి శిశుగృహమును జతచేయు పథకము నొకటి పెట్టిరి. నలుగురు పిల్లలు వరుసగా కూర్చున్నప్పుడు ఒకడు తిన్న కూరను రెండవవాడు అంగలార్చి అందుకొనుట పిల్లలున్న యింట అందరెరిగినదే. ఉమ్మివేసినచో తల్లి జీతము పోదు. ఆ నలువదియెనిమిది ముద్దల నష్టము ఊరందరిమీద పడును, అప్పుడది నష్టమనిపించుకొనదు. తల్లులకును ఇక్కడ ఒక పూట తిండి కలిసిన మరింత మేలు. తల్లి తిన్నదాని రుచి స్తన్యములోనికి వచ్చుననియు, ఆ రుచిని బిడ్డ తరువాత సులభముగా అంగీకరించుననియు పరిశోధకులు చూపియున్నారు. తల్లి చారన్నమే తినుచున్నంతకాలము బిడ్డ నాలుకకు పాఠము పాలలోనే కొరవడుచున్నది.

ఆటోనగరువంటి చోట ఇది పుట్టుటకు చట్టము ఎన్నడును తోడ్పడలేదు. 1948 నాటి కర్మాగారముల చట్టము స్త్రీలు పెక్కుమంది పనిచేయు చోట శిశుగృహ ముండవలెనన్నది. 1976 సవరణ ఆ సంఖ్యను ముప్పదికి దించినది. ముగ్గురో నలుగురో మగవారు పనిచేయు షెడ్లకు అది యేమి వర్తించును? వారి ఇల్లాండ్రు పనిచేయునది మన వంటిండ్లలో, అపార్టుమెంటుల మెట్లమీద, కట్టుచున్న మేడలవద్ద. మన వంటిల్లు కర్మాగారము కాదు గనుక మనపై ఏ బాధ్యతయు లేకపోయినది. పటమటలోను కానూరులోను ఒక అపార్టుమెంటున ముప్పదిండ్లవారు లిఫ్టునకు, కావలివానికి, జనరేటరునకు నెలనెల చందా వేసికొనుచున్నారు. క్రిందియంతస్తులో కార్ల నడుమ ఒక గది యెప్పుడును ఖాళీగా నుండును. పాచిపనికి వచ్చు తల్లుల పిల్లలను ఉదయము ఆరింటినుండి పదునొకండింటివరకు అందులో ఉంచి, ఒక ఆయాను పెట్టి, మెదిపిన పప్పు, తోటకూర, అరగ్రుడ్డు, వేసవిలో రసము తీసిన మామిడిపండు పెట్టించుటకు ముప్పదిండ్లకు పంచగా పడు ఖర్చు, లిఫ్టు ఖర్చుతో పోల్చదగినదేనా? ఇది అంగన్‌వాడీకి బదులు కాదు. అంగన్‌వాడీ తలుపు తెరవని తెల్లవారువేళకు మాత్రమే. దీనికి సంఘసమావేశములలో వచ్చు మొదటి ఆక్షేపణ యేమో మేమెరుగుదుము: "పిల్లలు గోల చేయుదురు, గది పాడుచేయుదురు." చేయుదురు. రెండవది కోశాధికారినుండి వచ్చును: నెలాఖరున లెక్క చూచినప్పుడు కొన్నది ఇరువది గ్రుడ్లు, పిల్లలు తిన్నది పండ్రెండు, ఎనిమిది యేమైనవని. ఎనిమిదియు నేలపాలైనవనియు, అందులకే అవి కొన్నారనియు, వచ్చేనెలయు కొంతవరకు అట్లే జరుగుననియు ఆ చిట్టాలో వ్రాసి, క్రింద అధ్యక్షుని సంతకము పెట్టించవలెను.